మడికి పనికిరాని సబ్బు

సబ్బుబిళ్ళని నేను. ఒళ్ళు రుద్దుకునే వాసన సబ్బుని కాదు, ముందే చెబుతున్నాను, తరవాత పొరబడ్డామనకండి. వంటింట్లో చేతులు కడుక్కోవడానికి పుట్టినదాన్ని. ఆకుపచ్చ రంగు, అరచేతిలో ఇమిడే ఒడ్డూ పొడుగూ, వీపు మీద తామరపువ్వు అచ్చు. మా జాతిలో ఎవరికైనా ఆ అచ్చు వారం తిరక్కుండా అరిగిపోతుంది. నాది మాత్రం నెలల తరబడి అలాగే ఉండిపోయింది. అది చూసి ఎంత అదృష్టమో అనుకునేవాళ్ళుంటే వాళ్ళకో దండం. పని చెయ్యని సబ్బుకీ గోడలో ఇటుకకీ తేడా ఏముంది?

నేను పుట్టింది ఊరి పేరు కూడా తెలియని ఒక కర్మాగారంలో. కొబ్బరినూనె, పామాయిలు, సోడా కలిపి పెద్ద ఇనప తొట్టిలో ఉడికించారు. చల్లారాక కడ్డీలుగా లాగారు, ముక్కలు కోశారు, వీపు మీద అచ్చు గుద్దారు, కాగితం చుట్టారు. నాలో జంతువుల కొవ్వు ఒక్క చుక్క లేదు. ఈ ముక్క ఎందుకు నొక్కి చెబుతున్నానో మీకే తెలుస్తుంది. లారీలో అమలాపురం చేరాను. అక్కణ్ణించి సైకిలు వెనకాల అట్టపెట్టెలో కూర్చుని, కొబ్బరితోటల మధ్య ఉన్న ఒక చిన్న అగ్రహారంలో కిరాణా కొట్టుకి వెళ్ళాను. బెల్లం దిమ్మకీ అగరొత్తుల కట్టలకీ మధ్య నాకు చోటు దొరికింది.

మనుషుల సంగతి నాకు ఆ కొట్లోనే కొంత బోధపడింది. సబ్బు కొనడానికొచ్చిన ప్రతివాళ్ళూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాళ్ళు. మొహం తెల్లబడుతుందా అని అడిగేవాళ్ళు. చేతులు కడుక్కోవడానికి అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. ఆ చేతులతోనే అన్నం కలుపుతారు, పిల్లల నోట్లో ముద్ద పెడతారు. వాళ్ళకి మొహం మీదున్నంత శ్రద్ధ చేతుల మీద ఎందుకు లేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒకరోజు పొద్దున్నే సోదెమ్మగారు వచ్చింది. యాభై దాటిన మనిషి. పాదాలు బాగా వాచి ఉన్నాయి. కొట్టు అరుగు పట్టుకుని కాసేపు ఆయాసం తీర్చుకుని, "కొవ్వు కలవని సబ్బుందా నాయనా? వంట చేసే చేతులకి" అంది. కొట్టువాడు వెతికి వెతికి నన్ను తీసి ఇచ్చాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నా కాగితం మీద ఉన్నదంతా అక్షరం అక్షరం చదివింది. చదివి, నన్ను కొంగున ముడేసుకుంది. ఆ కొంగులో ఇంటిదాకా వెళ్ళిన ఆ కాసేపూ నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఆవిడకి మూత్రపిండాల జబ్బు. సగానికి పైగా చెడిపోయాయట. ఆసుపత్రిలో డాక్టరు భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. మందులూ పథ్యమూ పాటిస్తే ఇలాగే కొన్నేళ్ళు నెట్టుకు రావచ్చు, కానీ ఒక్కసారి గట్టిగా వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఒంట్లో నీరు పోయిందంటే ఆ మిగిలిన కాస్తా ఆగిపోతుంది, అప్పుడు తను చేసేదేమీ ఉండదు అన్నాడు. కనక తిండి దగ్గర జాగ్రత్త. వండే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. వేడిగా ఉండగానే తినాలి. వండి గంటల తరబడి ఉంచింది ముట్టుకోకూడదు. చేతికి పుండుంటే వంట జోలికే పోకూడదు. ఆవిడ మొగుడు యజ్ఞన్నగారు అన్నింటికీ తల ఊపాడట. మడికి అడ్డురాని వాటికే ఆయన తల ఊపుతాడని పాపం ఆ డాక్టరుకి ఎలా తెలుస్తుంది?

యజ్ఞన్నగారు ఆ చుట్టుపక్కల అగ్రహారాలన్నింటికీ వంట బ్రాహ్మడు. ఉపనయనమైనా, వ్రతమైనా, తద్దినమైనా ఆయన చెయ్యి పడాల్సిందే. సోదెమ్మగారు పొయ్యి దగ్గర నిలబడలేని మనిషి అయ్యాక ఇంట్లో వంటా ఆయనదే. అంటే ఆవిడ ప్రాణం ఆ రెండు చేతుల్లో ఉంది. నన్ను కొన్నది ఆ చేతుల కోసం.

ఆయన అశుభ్రమైన మనిషి అనుకోకండి, పాపం తగులుతుంది. తెల్లవారకుండా నూతి దగ్గర చన్నీళ్ళ స్నానం. ఎవరూ తగలకుండా ఎత్తు దండెం మీద ఆరేసిన పంచెని కర్రతో దించి కట్టుకుంటాడు. వంటలో ఉండగా పిల్లి తోక తగిలినా వెళ్ళి మళ్ళీ నెత్తిన నీళ్ళు పోసుకుంటాడు. ఉప్పు ముట్టుకుంటే చేతులు కడుగుతాడు, నెయ్యి ముట్టుకుంటే కడుగుతాడు, మెతుకు తగిలితే కడుగుతాడు. అన్నీ చెంబుడు నీళ్ళతోనే. కడిగి, భుజం మీద ఎప్పుడూ తడిగా ఉండే తువ్వాలుకి తుడుచుకుంటాడు. ఆ తువ్వాలు గురించి నాకు తెలిసింది చెబితే మీరు ఇవాళ అన్నం మానేస్తారు. నీళ్ళకి పోని జిడ్డు ఒకటుంటుంది, ఆ జిడ్డులో కంటికి కనబడని పురుగు కాపురం ఉంటుంది. దాన్ని వదిలించడం నాకు చేతనవును. చెప్పడానికి నోరు లేదు, అదే నా ఖర్మ.

సోదెమ్మగారు నన్ను ఆయన ముందు పెట్టి కాగితం చదివి వినిపించింది. కొబ్బరినూనే అండీ, కొవ్వు లేదు, మనింట్లో దీపానికి పోసేదే అంది. ఆయన నావైపు చూడను కూడా చూడలేదు.

"కొవ్వు ఉందా లేదా అని కాదే. మడిలో సబ్బేమిటి? మడికి నీళ్ళు చాలు. మా నాన్న ముట్టుకున్నాడా, మా తాత ముట్టుకున్నాడా?"

"వాళ్ళింట్లో నాలాంటి రోగిష్ఠిది లేదు కదండీ."

ఆ మాటకి ఆయన మొహం చిన్నబోయింది. కోపమొచ్చినా సరే, పెళ్ళాం కళ్ళనీళ్ళు పెట్టుకుంటే తట్టుకోలేని మనిషి. సరే, ఉండనీ అని నన్ను తీసుకుని వంటింటి కిటికీలో కొబ్బరిచిప్పలో పెట్టాడు. చూశావా, పెట్టాను అన్నట్టు ఆవిడ వంక చూశాడు. నా ఉద్యోగం అంతే. కిటికీలో కూర్చోవడం.

నెలలు గడిచాయి, ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో నాకు తెలుసు. ఇంట్లో ఆయన వండింది కుతకుత ఉడుకుతుండగానే ఆవిడ కంచంలో పడేది. నేను చెయ్యాల్సిన పని మంట చేసిపెట్టింది. ఆయన మాత్రం ఆ ఘనతంతా మడికి ఇచ్చాడు. "ఇన్నాళ్ళూ ఏమైందే మరి?" అనేవాడు, ఆవిడ ఎప్పుడు నా మాటెత్తినా.

ఆవిడ ఊరుకోలేదు. రోజూ కిటికీ దగ్గరికొచ్చి నా వీపు మీద బొటనవేలితో రాసి చూసేది. తామరపువ్వు అలాగే ఉందో లేదో చూడ్డం అన్నమాట. ఉండేది. అప్పుడు ఒక నిట్టూర్పు విడిచేది. బయట వంటలకి వెళ్ళేటప్పుడైనా మనసు మారుతుందేమోనని నన్ను ఆయన గరిటెల సంచీలో వేసేది. ఆయన కాదనేవాడు కాదు. తీసుకెళ్ళి నూతిచప్టా మీద ఒక మూల పెట్టేవాడు, అంతే. ఒకసారి ఒక పెళ్ళివారి కుర్రాడు నన్ను పట్టుకుని చొక్కా మీద ఆవకాయ మరక రుద్దబోయాడు. వంటవాళ్ళ సబ్బు ముట్టుకోకురా అని వాళ్ళమ్మ కోప్పడింది. ఆ ఒక్క గౌరవం మాత్రం నాకు దక్కింది.

వైశాఖంలో ఆయన కత్తిపీట మీద కంద తరుగుతూ కుడిచేతి చూపుడువేలు కోసుకున్నాడు. కాస్త పసుపు అద్దాడు. ఎండలకి అది మానలేదు, వాచి, కొసన పచ్చగా చీము పట్టింది. సోదెమ్మగారు పోరి పోరి మందుల కొట్లోంచి పట్టీ తెప్పించి తనే అంటించింది. మర్నాడు తెల్లవారకుండా ఆయన స్నానానికి వెళుతూ దాన్ని ఊడదీసి పారేశాడు. ఎవరు ముట్టుకున్న బట్టో ఏమో, దానితో మడి ఎలా నిలుస్తుంది? అదీ ఆయన లెక్క. చీము పట్టిన వేలు మడి అవుతుంది, దాన్ని మూసిన పట్టీ మైల అవుతుంది. ఆవిడ ఏడ్చినంత పని చేసింది. ఆ వేలు మానేదాకా వంటలు ఒప్పుకోవద్దని బతిమాలింది. మాటిచ్చేశానే, గృహప్రవేశం, నేను రాకపోతే వాళ్ళకి దిక్కెవరు అన్నాడు.

ఆ గృహప్రవేశం చింతలూరివారిది, పక్క ఊళ్ళో. కొత్తింట్లో సత్యనారాయణ వ్రతం, తరవాత భోజనాలు. పులిహోర, బూరెలు, దప్పళం, అన్నీ అయ్యాక దద్దోజనం మొదలుపెట్టాడు. ఆయన దద్దోజనానికి పెద్ద పేరు. అన్నాన్ని మెత్తగా ఉడికించి, గోరువెచ్చబడ్డాక బోలెడు పాలు పోసి, చెంచాడే పెరుగు వేస్తాడు, భోజనాల వేళకి పులవకుండా ఉండాలని. గరిటెతో కలిపితే మెతుకు విరుగుతుందంటాడు. అందుకని చేత్తోనే, మోచేతిదాకా గుండిగలో పెట్టి, పసిపిల్లకి నలుగు పెట్టినంత జాగ్రత్తగా కలుపుతాడు. ఆ రోజూ అలాగే కలిపాడు. ఆ వేలితోనే. నేను నూతిచప్టా మీదనుంచి తెరిచిన తలుపులోంచి చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి ఇటు రావయ్యా, ఒక్క నిమిషం, ఆ తరవాత కట్టు కట్టుకుని ఆ గరిటె తీసుకో, విరిగితే మెతుకే కదా విరుగుతుంది అని లోపల్లోపల ఎంత గింజుకున్నానో. ఎవరికి వినబడుతుంది?

పోపు పెట్టి, అరిటాకు కప్పి, గుండిగని పొయ్యి పక్కనే ఉంచాడు. పురోహితుడికి ఆ పొద్దున ఇంకో రెండిళ్ళలో ముహూర్తాలు. ఆయన వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. వ్రతం, కథ, హారతి. నైవేద్యం కాకుండా ఎవరూ మెతుకు ముట్టుకోరు, వాసన చూడరు. ఆ ఉక్కలో, ఆ పాలల్లో, యజ్ఞన్నగారి వేలినుంచి దిగినవి హాయిగా సంసారాలు పెంచుకున్నాయి. దద్దోజనం రుచి మారలేదు, వాసన రాలేదు. తిన్నవాళ్ళంతా అమృతం అన్నారు.

యజ్ఞన్నగారు వండిన చోట తినడు. సాయంత్రం సంధ్య వార్చుకున్నాకే ఆయన భోజనం. కానీ నైవేద్యం అయిన వెంటనే భార్యకోసం మొదట ఒక చిన్న క్యారేజీలో ప్రసాదం తీసి పక్కన పెట్టుకుంటాడు. పథ్యం తిండి తిని తిని నాలుక చచ్చిపోయిన మనిషి, ఇవాళ కాస్త రుచిగా తింటుందని ఆయన ఆశ. ఎండలో గబగబా నడిచి ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కోకుండానే క్యారేజీ మూత తీసి చూపించాడు.

సోదెమ్మగారు ముందు సంచీలోంచి నన్ను తీసింది. వీపు మీద బొటనవేలితో రాసింది.

"ఏవండీ, ఇది తడవను కూడా తడవలేదు."

"మడిలో ఉన్నానే."

"ఆ వేలికి కట్టేదీ?"

"కట్టుతో నైవేద్యం వండమంటావా? దేవుడు ఆరగించినదానికి నువ్వు వంక పెడతావుటే?"

ఆయన కంచం పెట్టి, నీళ్ళు పెట్టి, ఎదురుగా కూర్చుని, విసనకర్ర తీసుకున్నాడు. చెమటలు కారుతున్న తనకి కాదు, ఆవిడకి విసరడానికి. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. వద్దంటే ఆ మొహం ఎలా అయిపోతుందో ఆవిడకి తెలుసు. ప్రసాదం కాదనడం కూడా ఆవిడ పుట్టి బుద్ధెరిగి చెయ్యని పని.

"నేనెందుకు పెడతానండీ వంక. పెట్టండి" అంది.

నాకు కాళ్ళుంటే ఆ కంచంలోకి దూకేసేదాన్ని. సబ్బు పడిన అన్నం ఎవరూ తినరు కదా. ఆవిడ పక్కనే గచ్చు మీద పడుకుని చూస్తూ ఉండిపోయాను. బాగుందా అని ఆయన అడిగాడు. చాలా బాగుందండీ అంది. మారు కూడా వడ్డించుకుంది.

దీపాలవేళకి మొదలైంది. ముందు కడుపులో తిప్పు అంది, తరవాత వాంతులు, వాటి వెనకే విరేచనాలు. అదే సమయానికి చింతలూరివారింట్లో సగంమంది బంధువులు కొత్త గచ్చు మీద కడుపులు పట్టుకుని కూర్చున్నారని ఫోను వచ్చింది. వాళ్ళు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగి మర్నాటికి లేచారు. పాలవాడు ఏం కలిపాడో అని కొందరన్నారు, దిష్టి కొట్టిందని కొందరన్నారు. చివరికి వంటిల్లు ఈశాన్యం మూల పడిందని తేల్చి, గోడ పడగొట్టడానికి మేస్త్రీని పిలిచారు. గోడలు పడగొడతారు గాని చేతులు కడుక్కోరు. ఏం మనుషులయ్యా మీరు!

పక్కింటావిడ చేతికందినవన్నీ ఒక సంచీలో కుక్కి ఆటోలో పెట్టింది. ఆ సంచీలో చీర, చెంబు, పళ్ళపొడి, నేను. అలా ఆసుపత్రి చూశాను. పరుగున వచ్చిన డాక్టరు సోదెమ్మగారిని చూసి, చేతులు కడుక్కుందామని వెళ్ళాడు. అక్కడ గోడకున్న సబ్బుసీసా ఖాళీగా ఉంది. మంచం పక్క బల్ల మీదున్న నన్ను తీసుకున్నాడు. ఇన్ని నెలలకి మొదటిసారి నా ఒంటిమీద నీళ్ళు పడ్డాయి, నురగ వచ్చింది. నాకు సంతోషం కలగలేదు. తుడుచుకుంటూ ఆయన కళ్ళు యజ్ఞన్నగారి వేలి మీద ఆగాయి.

"వంట మీరే చేశారా? ఆ వేలితోనే కలిపారా?"

యజ్ఞన్నగారు చెయ్యి ఉత్తరీయం కింద దాచుకున్నాడు. "మడితో వండానండీ" అన్నాడు.

"మడి మంచిదే స్వామీ. ఆ చీముకి మడి తెలీదు" అన్నాడు డాక్టరు. కోపంగా కాదు, అలిసిపోయి అన్నాడు.

మంచం మీంచి సోదెమ్మగారు చెయ్యెత్తింది. ఆ దద్దోజనం వల్ల కాదండీ, పొద్దున్న పక్కింటివాళ్ళు పంపిన పాత మజ్జిగ తాగాను, దానివల్లే, ఈయన చేతి వంటకి ఎప్పుడూ ఏమీ కాలేదు అంది. ఆగి ఆగి, ఒక్కొక్క ముక్కా అంది. పక్కింటివాళ్ళు ఏ మజ్జిగా పంపలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. డాక్టరుకి కూడా తెలిసిపోయిందనుకుంటాను, ఎందుకంటే ఆయన ఇంక ఏమీ అడగలేదు. నరంలోకి సెలైన్ ఎక్కిస్తూనే ఉన్నారు. మర్నాటికి మూత్రం పూర్తిగా బందయింది. ఆ మర్నాడు పొద్దెక్కాక ఆవిడ పోయింది.

మైల పది రోజులూ ఆయన నన్ను ముట్టుకోలేదు. ముట్టుకోకూడదట, కర్మ చేసేవాడికి సబ్బు నిషిద్ధం. మడిలో పనికిరాను, మైలలోనూ పనికిరాను. పన్నెండోరోజు వంటకి వేరే ఊరినుంచి వంటవాళ్ళు వచ్చారు. యజ్ఞన్నగారు అరుగు మీద కూర్చుని వాళ్ళ చేతుల వంకే చూశాడు. చెంబుడు నీళ్ళు, భుజం మీద తువ్వాలు. ఆయన లేచి వెళ్ళి కిటికీలోంచి నన్ను తెచ్చి పెద్ద వంటవాడి ముందు పెట్టాడు. చేతులు దీంతో కడుక్కోండి అన్నాడు. పెద్ద వంటవాడు మర్యాదగానే నవ్వాడు.

"మీకు తెలీనిదేముంది బావగారూ, మడిలో సబ్బేమిటి?"

యజ్ఞన్నగారు వెళ్ళి మళ్ళీ అరుగు మీద కూర్చున్నాడు. ఆ మాట ఆయనదే మరి. ఆ వంటవాడు పని అంతా అయ్యాక, వెళ్ళేటప్పుడు నాతో తన బనీను ఉతుక్కుని ఆరేసుకున్నాడు. ఆ రోజు తిన్నవాళ్ళెవరికీ ఏమీ కాలేదు. అన్నీ వేడివేడిగా వడ్డించారు కనక బయటపడ్డారు. ఆ చేతుల వంట పక్క ఊళ్ళో రేపు ఉంది, ఎల్లుండి ఉంది. మీ ఊళ్ళో కూడా ఉండే ఉంటుంది.

తరవాత చుట్టాలంతా వెళ్ళిపోయారు. యజ్ఞన్నగారు వంటలు మానేశాడు. ఎవరు పిలిచినా రానని చెప్పి పంపేశాడు. ఇంట్లోనూ పొయ్యి వెలిగించడు. పక్కింటావిడ పూటకింత పంపిస్తుంది, సగం తింటాడు.

కానీ తెల్లవారకుండా లేస్తాడు. స్నానం చేస్తాడు, కర్రతో పంచె దించి కట్టుకుంటాడు. కిటికీలోంచి నన్ను తీసుకుని కుళాయి కిందకి వెళతాడు. డాక్టరు ఎలా చెప్పాడో అలాగే, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్టుదాకా, మెల్లిగా రుద్దుకుంటాడు. చూపుడువేలు ఎప్పుడో మానిపోయింది, దాన్ని మాత్రం ఇంకోసారి రుద్దుతాడు. తువ్వాలుకి తుడుచుకోడు, గాలికి ఆరనిస్తాడు. మధ్యాహ్నం మళ్ళీ, సాయంత్రం మళ్ళీ. నా వీపు మీద పువ్వు పోయింది, నా ఒళ్ళు పల్చబడి అవతలి వెలుతురు కనబడుతోంది. ఇంకెన్నాళ్ళో ఉండను.

ఆరిన చేతులు దేనికీ తగలకుండా ముందుకి చాపుకుని వంటింట్లోకి వెళతాడు. పొయ్యి ముందు కాసేపు అలాగే నిలబడతాడు. ఆ అగ్రహారంలో అంత శుభ్రమైన చేతులు ఇంకెవరికీ లేవు. తరవాత వాటిని మెల్లిగా దించేసి, వెళ్ళి అరుగు మీద కూర్చుంటాడు.